చెడుగుడు బరిలో రాజమర్యాద

కలువకొండ అని ఒకానొక రాజ్యం. దాన్ని ఏలే చండభానుడు చెడ్డవాడేమీ కాదు. పన్నుల కోసం ఎవరి పీకా పిసకలేదు, పొరుగు రాజుల మీదికి పోలేదు. ఆయనకున్న జబ్బల్లా ఒక్కటే, మర్యాద. ఆయన ఎదుటికి వచ్చినవాడు ఎంత పనిలో ఉన్నా సరే, చేతులు జోడించి "జయము జయము మహారాజా" అనాలి. ఆయనకు వీపు చూపకూడదు. ఆయన నోరు విప్పేముందు స్తుతిపాఠాలు చదివే వంది ఆయన బిరుదులన్నీ చదవాలి. ఒకసారి పట్టపుటేనుగు తన మానాన తాను అటు తిరిగి నిలబడి, రాజుగారికి వెనకభాగం చూపించిందట. పాపం, మావటివాణ్ణి రోజంతా ఎండలో నిలబెట్టారు. ఏనుగుకు మాత్రం ఎప్పటిలాగే చెరుకు పెట్టారు.

ఆ రాజ్యంలో ఏటేటా పాఠశాలల పిల్లలకు చెడుగుడు పోటీలు జరిగేవి. ప్రతి ఊరి జట్టూ మిగతా అన్నిటితో ఆడగా, చివరికి పైన నిలిచిన రెండూ రాజధానిలో రాజుగారి సమక్షంలో తలపడేవి. ఆటకేం, బ్రహ్మాండంగా ఉండేది. గొడవంతా తీర్పరితోనే. కూతకు వెళ్ళినవాడు మధ్యలో ఊపిరి తీశాడా, గీత తొక్కాడా, వీడు పట్టుబడ్డాడా, జారి బయటపడ్డాడా, అంతా కనిపెట్టి చెప్పవలసినవాడు తీర్పరి. ఒక ఏడు మంత్రిగారి బావమరిదిని నిలబెట్టారు. ఆయన మంత్రిగారి ఊరినే గెలిపించాడు. మరో ఏడు ఆస్థాన తర్కపండితుణ్ణి నిలబెట్టారు. ఆయన "అసలు గీత అనగానేమి?" అని మొదలుపెట్టేసరికే పొద్దు గూకింది. క్రిందటేడు ఎవరో శాలువాలు కప్పించుకున్న పెద్దమనిషిని తెచ్చారు. ఆట సగంలో ఉండగానే రెండూళ్ళవాళ్ళూ కర్రలు అందుకున్నారు.

ఈ ఏడు చివరి ఆటకు రాజధాని పాఠశాల, ఏటిగడ్డ పాఠశాల మిగిలాయి. రాజధాని జట్టు నాయకుడు జయకేతు, సాక్షాత్తూ రాజుగారి మేనల్లుడు. తీర్పరి ఎవరన్న మాట సభలో రాగానే రాజుగారు మీసం దువ్వారు. వంది బిరుదులు పూర్తిచేసేదాకా ఆగి, సెలవిచ్చారు.

"ఏటేటా తీర్పరి మీద నిందలే కదా! ఈసారి నింద వేసే నోరే లేవదు. తీర్పరిగా మేమే నిలబడతాం."

సభ చప్పట్లు కొట్టింది. మంత్రి అందరికన్నా ముందు కొట్టాడు. చమత్కారిగా పేరుపడ్డ ఆస్థాన విద్వాంసుడు అక్కిభట్టు కూడా కొట్టాడు. చేతులు కొడుతున్నాయి గానీ, ఆయన గుండెల్లో రాయి పడింది.

ఆ సాయంత్రం ఏటిగడ్డ జట్టు నాయకుడు సింగన్న, అక్కిభట్టు ఇంటికి వచ్చి అరుగు కింద నిలబడ్డాడు. అక్కిభట్టుదీ ఏటిగడ్డే.

"అయ్యగారూ, మేం పొద్దున్నే బండి కట్టుకుని ఎల్లిపోతాం."

"అదేమిట్రా! చివరిదాకా వచ్చి?"

"తీర్పరి రాజుగారు. అవతల కూతగాడు ఆయన మేనల్లుడు. తప్పు చెబితే తప్పని అనేదెవరండీ? ఆడి ఓడిపోవడం మాకు కొత్త కాదు. ఆడకముందే ఓడిపోవడం మా వల్ల కాదు."

"వెళితే ఏమవుతుందో తెలుసా? రాజు పిలిచాక ఆడకుండా పోవడం ధిక్కారం. పాఠశాల మాన్యం ఊడబెరుకుతారు. ఆ మాన్యం పంటే కదరా మీరంతా తినేది!"

సింగన్న కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "మరి మమ్మల్నేం చేయమంటారు?"

అక్కిభట్టు నాలుగు అక్షరాలు నేర్చుకున్నదీ ఆ మాన్యం అన్నం తినే. పొద్దున సభలో తానూ చప్పట్లు కొట్టినందుకు ఆయనకు సిగ్గేసింది. రాజుగారితో "మీరు పక్షపాతం చూపుతారు" అంటే తల దక్కదు. అనకపోతే పిల్లల కష్టం బూడిదలో పోసిన పన్నీరు. ఏం తోచక అడిగాడు.

"ఒరేయ్ సింగన్నా, రాజుగారు బరిలో నీ ఎదురుగా నిలబడితే ముందేం చేస్తావు?"

"ఏం చేస్తానండీ? దండం పెడతాను. మావటోడి సంగతి మాకు తెలవదా?"

అక్కిభట్టు ముఖం మతాబులా వెలిగింది. "అదీ మాట! అదే చేయండి. బరిలో మర్యాద వీసమెత్తు తగ్గకూడదు. ఇంకేం ఆలోచించకుండా పోయి పడుకోండి."

మర్నాడు పొద్దున్నే అక్కిభట్టు కొలువుకు వెళ్ళి చేతులు కట్టుకున్నాడు.

"ప్రభూ, కొత్త తీర్పరి ఎవరైనా అసలు ఆటకు ముందురోజు ఒక ఉత్తుత్తి ఆట ఆడించి చూపడం ఆచారం. తమకు పరీక్ష ఏమిటని కాదు. తమ తీర్పు చూసే భాగ్యం జనానికి ఒక్కరోజే ఎందుకు, రెండు రోజులు కలగనివ్వండి."

రాజుగారికి ఆ మాట తేనె రాసినట్టు దిగింది. వెంటనే చాటింపు వేయించారు. ఈలోగా అక్కిభట్టు జయకేతు దగ్గరికీ వెళ్ళి, "బాబూ, మేనమామే కదా అని మర్యాద మరిచిపోయేవు సుమా" అని ఒక మాట చెవిన వేశాడు. ఆ తరువాత, చూడవచ్చిన అంతఃపుర స్త్రీలను కూర్చోబెట్టే పని తానే మీదవేసుకున్నాడు. జయకేతు తల్లి, అంటే రాజుగారి అక్క, రంగమాంబగారికి బరి పక్కనే పీట వేయించాడు.

ఆట వేళకు రాజుగారు నడిగీత దగ్గర నిలబడ్డారు. వెనక గొడుగువాడు, పక్కన వంది. ముందుగా జయకేతు కూత పెట్టాడు.

"చెడుగుడు చెడుగుడు చెడుగుడు..."

గీత దాటాడో లేదో, రాజుగారు ఎదురుగా ఉన్నారు. జయకేతుకు మావటివాడు గుర్తొచ్చాడు. టక్కున చేతులు జోడించి, "జయము జయము మహారాజా!" అన్నాడు. కూత తెగిపోయింది. ఏటిగడ్డ పిల్లలు మీదపడి పట్టుకోవలసిందే. కానీ పట్టుకోవాలంటే రాజుగారికి వీపు చూపాలి. అందుకని వాళ్ళూ చేతులు జోడించి, రాజుగారి వైపే చూస్తూ నిలబడ్డారు. కూత తెగిందని చెప్పడానికి రాజుగారు నోరు తెరిచారు. వెంటనే వంది అందుకున్నాడు.

"రాజాధిరాజ! రిపుగజకేసరి! కలువకొండ కల్పవృక్ష!"

ఆ బిరుదులన్నీ పూర్తయ్యేలోపు జయకేతు వెనక్కు వెనక్కు నడుచుకుంటూ తన వైపుకు వెళ్ళిపోయాడు. అప్పుడు రాజుగారు "చచ్చాడు!" అని అరిచారు. ఎవడు చచ్చాడో ఎవరికీ తెలియలేదు.

తరువాత సింగన్న వెళ్ళాడు. అతనూ సగం కూతలో జయం పలికాడు. తిరుగుదారిలో వీపు చూపకుండా వెనక్కు నడవబోయి గొడుగువాణ్ణి గుద్దాడు. గొడుగు వంది నెత్తిన పడింది. సరిగా కనబడడం లేదని రాజుగారు బరికి అవతలి వైపు వెళ్ళారు. రెండు జట్లూ గిర్రున అటు తిరిగాయి. ఆయన ఇటు వచ్చారు. జట్లూ ఇటు తిరిగాయి. జనం నవ్వు ఆపుకోలేక పైపంచెలు నోట్లో కుక్కుకున్నారు.

"ఆపండి!" అని రాజుగారు మండిపడ్డారు. "వీళ్ళు ఆడుతున్నారా, తద్దినం పెడుతున్నారా?"

"మర్యాద పాటిస్తున్నారు ప్రభూ," అన్నాడు అక్కిభట్టు వినయంగా. "ఆట ఒక్కపూటతో పోతుంది. మర్యాద తప్పితే ఎండలో నిలబడాలి కదా."

రాజుగారు మీసం కొరికారు. "అలాగా! అయితే వినండి. ఈ బరిలో ఉన్నంతసేపూ మర్యాదలన్నీ రద్దు. ఆడేవాళ్ళకూ, చూసేవాళ్ళకూ కూడా! ఇక్కడ నేను రాజును కాను, తీర్పరిని. ఊఁ, కానివ్వండి!"

మంత్రి అక్కిభట్టు వైపు చూసి, నీ పని అయిపోయిందన్నట్టు నవ్వాడు. అక్కిభట్టు ఒక్కసారి రంగమాంబగారి పీట వైపు చూశాడు.

ఇప్పుడు ఆట నిజంగానే ఊపందుకుంది. జయకేతు దూసుకెళ్ళి, ఇద్దర్ని ముట్టి, తిరిగివస్తూ పక్కగీత అంచున కాలు పెట్టాడు. తొక్కాడా, లేదా? జనమంతా మెడలు సాచి చూశారు. తనకు పక్షపాతం లేదని అందరికీ తెలియాలి కదా! రాజుగారు గొంతెత్తి, "చచ్చాడు!" అన్నారు.

"ఒరేయ్ తమ్ముడూ!"

ఆ కేక రంగమాంబగారిది. ఆవిడ పీట మీంచి లేచి, కొంగు బిగించి, గీతదాకా వచ్చేశారు.

"నీ కళ్ళకు పొరలు గాని కమ్మాయట్రా? నా కొడుకు కాలెక్కడ, గీతెక్కడ! చిన్నప్పుడు గోళీలాటలోనూ నీ బుద్ధి ఇంతే. తొండి! ఒట్టి తొండి!"

జనం ఒకసారి ఆవిడ వైపు, ఒకసారి రాజుగారి వైపు చూశారు. వెనక వరుసలోంచి ఎవరో సన్నగా, "అవును, తొండి!" అన్నారు. అంతే, కట్ట తెగింది. రాజధానివాళ్ళు "తొండి, తొండి" అని అరిచారు. ఏటిగడ్డవాళ్ళు "తొక్కాడు, తొక్కాడు" అని అరిచారు. మిరపకాయబజ్జీలు అమ్ముకునేవాడు సైతం గరిటె ఊపుతూ, "నేను చూశాను, కాలు గాల్లో ఉంది" అన్నాడు. రాజుగారు భటుల వైపు చూశారు. వాళ్ళేం చేస్తారు, మర్యాదలు రద్దు చేసింది ఆయనే.

రాజుగారు అక్కిభట్టును దగ్గరికి పిలిచి గొంతు తగ్గించారు. "ఇదేమిటయ్యా?"

"తీర్పరికి రోజూ దక్కే నైవేద్యమే ప్రభూ. ఇది ఉత్తుత్తి ఆట. అసలు ఆట రేపు."

రాజుగారు అక్కగారి వైపు చూశారు. ఆవిడ గోళీలాట వదిలి, ఆయన చిన్నప్పుడు దొంగిలించి తిన్న సున్నుండల దగ్గరికి వచ్చారు. వినడానికి జనం ముందుకు జరుగుతున్నారు.

"నావల్ల కాదు," అన్నారు రాజుగారు. "కానీ, ఎవణ్ణి నిలబెట్టినా ఇదే గోల కదా!"

"ప్రభూ, తమరు చూసిన చెడుగుడు ఆటల్లోకెల్లా మేలైనది ఏది?"

రాజుగారి ముఖం విప్పారింది. "ఇంకేది, మొగలివాకలో చూసిందే! ఆఖరి కూతగాడు నలుగురి పట్టులోంచి పాములా జారి, వేలికొసతో గీత అందుకున్నాడు. అబ్బ, ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టుంది."

"దానికి తీర్పరి ఎవరు?"

రాజుగారు తెరిచిన నోరు తెరిచినట్టే ఉంచారు. "ఎవడో ఒకడు ఉండే ఉంటాడు. గుర్తులేదోయ్."

"అతనే కావాలి మనకు. ఈ రాజ్యంలో తమరిని రెప్పపాటు కాలం మరిచిపోగలవాడు లేడు. తీర్పరి ఉన్నాడన్న సంగతే అందరూ మరిచిపోవాలి. తమరు ఏమైనా కాగలరు గానీ, ఆ ఒక్కటీ కాలేరు."

ఇది పొగడ్తో, చీవాట్లో రాజుగారికి ఒక పట్టాన తేలలేదు. తేలాక, పెదవి కొసన నవ్వు మొలిచింది. అయినా గద్దించారు. "వాడు మీ ఏటిగడ్డవాడు కాదు కదా?"

"ఏటిగడ్డవాణ్ణి నేను. అందుకే నేనూ పనికిరాను. రెండు జట్ల గురువులనూ 'ఎవరు కావాలి' అని అడగలేదు ప్రభూ. అడిగితే బావమరుదులు బయల్దేరతారు. 'ఎవరు వద్దు' అని అడిగాను. ఇద్దరూ వద్దనని మనిషి అతనొక్కడే. మొగలివాక పాఠశాలలో పంతులు, తన పిల్లలతో ఆట చూడవచ్చాడు. అతని పిల్లలను ఈ రెండు జట్లూ ఓడించే ఇక్కడిదాకా వచ్చాయి. కోపమంటూ ఉంటే ఇద్దరి మీదా సమానంగానే ఉంటుంది."

అదిగో, అప్పుడు నవ్వారు రాజుగారు, గొడుగు కింద నిలబడి, పొట్ట పట్టుకుని. అక్కిభట్టుకు పోయిన ప్రాణం లేచొచ్చింది. గుంపులో సింగన్న కోసం వెతికి, తల ఊపాడు. ఆ కుర్రాడు అక్కడే నేలమీద కూలబడి, హమ్మయ్య అని ముఖం తుడుచుకున్నాడు.

మర్నాటి ఆట అలాంటిలాంటి ఆట కాదు. రాజుగారు అక్కగారి పక్కన కూర్చున్నారు. సగం ఆటలో మేనల్లుడు చచ్చాడని తీర్పరి అనేసరికి ఆగలేక లేచి, "నీ కళ్ళకు పొరలు కమ్మాయా?" అని తానే అరిచారు. తీర్పరి తల తిప్పి ఎవరా అని కూడా చూడలేదు. అతని చూపు గీత మీదే ఉంది. రాజుగారు కూర్చుని, "అక్కా, ఇలా అరవడంలో ఇంత సుఖముందని నాకెవరూ చెప్పలేదేం?" అన్నారు.

చివరికి ఏటిగడ్డ ఒక్క కూత తేడాతో ఓడిపోయింది. సింగన్న పట్టుబడి, గీతకు బెత్తెడు దూరంలో చెయ్యి చాచి పడిపోయాడు. ఒక్క కర్ర లేవలేదు. అక్కిభట్టు దుమ్ములోకి పరుగెత్తి వాణ్ణి లేవదీశాడు. ఆయన కళ్ళు చెమర్చాయి.

సింగన్న మోచేయి దులుపుకున్నాడు. "ఏడవకండి అయ్యగారూ. ఓడిపోయాం. మేమే ఓడిపోయాం, ఎవరూ ఓడించలేదు. వచ్చే ఏడు మళ్ళీ వస్తాం." రాజుగారు ఆ మాట విన్నారు. ఏటిగడ్డ మాన్యానికి ఆ పక్క చెరువు కింది పొలం కూడా కలపమని అక్కడికక్కడే ఆజ్ఞ ఇచ్చారు.

తరువాత, తీర్పరికి కప్పడానికని తన జరీ శాలువా తీసి, "ఏడీ, ఆయన్ను పిలవండి! ఏమిటీ, ఆయన పేరు?" అన్నారు.

మంత్రి తల గోక్కున్నాడు. గురువులు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. భటులు బరి అంతా వెతికి వచ్చారు. ఆ మనిషి తన పిల్లలను బండెక్కించుకుని ఎప్పుడో మొగలివాక దారి పట్టాడు. రాజుగారు పకపకా నవ్వి, ఆ శాలువా అక్కిభట్టు భుజాన కప్పారు.

"నువ్వైనా చెప్పవయ్యా, పేరేమిటి?"

అక్కిభట్టూ బుర్ర గోక్కున్నాడు. "నిన్నటిదాకా గుర్తుంది ప్రభూ. ఆటలో పడి మరిచిపోయాను."

ఆ పేరు ఈ కథ చెప్పుకుంటూ వచ్చినవాళ్ళెవరికీ గుర్తులేదు.