దాలమ్మ గరిటె

అనగా అనగా, మా ముత్తవ్వకి ముత్తవ్వ కూడా పుట్టని రోజుల మాట. వినేవాళ్ళు ఊఁ కొట్టండి. లేదంటే నేను నోరు మూసుకుంటాను.

కొండల పక్కన ఒక ఊరు. ఆ ఊళ్ళో దాలమ్మ అని తుంగచాపలు నేసుకునే మనిషి. మొగుడు పోయాడు. ఇంట్లో ఉన్నది కళ్ళు కనపడని అత్త గంగులమ్మ ఒక్కతే. దాలమ్మకి ఆస్తి లేదు, అందం లేదు, అడిగే నోరు మాత్రం ఉంది. ఏది చూసినా "ఎందుకలాగ?" అనేది. "దీని నోట్లో ఆ ముక్క తప్ప ఇంకోటి రాదు కదమ్మా!" అని అత్త విసుక్కునేది.

ఒక ఏడు వాన లేదు. రెండో ఏడు వాన లేదు. మూడో ఏడూ లేదు. జనం ఆకులూ అలములూ తిన్నారు. రాజుగారికి జాలేసి ఊరిమధ్య అంబలి సావిడి వేయించాడు. పెత్తనం బుచ్చినాయుడికి ఇచ్చాడు. "పని దొరకని ఇళ్ళకే ఇవ్వు. దొరికిన ఇళ్ళకి ఇవ్వకు" అన్నాడు.

మంచిమాటే. కానీ ఎవరికి పని దొరికిందో ఎలా తెలుస్తుంది? నాయుడు బుర్ర గోక్కుని గోక్కుని ఒక ఉపాయం పట్టాడు. పనిచేసిన చెయ్యి దాగదు కదా! అరచేతులు నున్నగా ఉన్న ఇంటికి మనిషికి మూడేసి గరిటెలు. ఇంట్లో ఒక్క చెయ్యి గరుకైనా ఇంటిల్లిపాదికీ చుక్క లేదు. రోజూ అదే పాట: "చెయ్యి చూపించు, గిన్నె పట్టు."

నాలుగో ఏడు వాన పడింది. బాగా కాదు, ఓ మాదిరిగా. అక్కడక్కడ పనులు మొదలయ్యాయి. కానీ చిత్రం చూడండి, అంబలి వరస తగ్గలేదు, పెరిగింది!

దాలమ్మ ఊరుకుంటుందా? కమ్మరి కన్నయ్య ఇంటికెళ్ళింది. కన్నయ్య చేతులకి ఆముదం రాసుకుని, గుడ్డలు చుట్టుకుని కూచున్నాడు. కొలిమిలో పిల్లి పడుకుంది.

"మామా, ఎందుకలాగ?"

"నాగలి కర్రుకి పదును పెడితే అరకడుపు కూడొస్తాది. చెయ్యి గరుకైతే ఇంట్లో అయిదుగురికీ అంబలి పోతాది. నువ్వైతే ఏటి చేస్తావే?"

నాట్లకి పిలిచినా వెళ్ళని అసిరమ్మని అడిగింది. అదే మాట. దుక్కికి వెళ్ళని సన్యాసిని అడిగింది. అదే మాట. "వీళ్ళు సోమరులు కారు. మరి తప్పెక్కడుంది?" అని దాలమ్మ దారంతా ఆలోచించుకుంటూ వచ్చింది.

తెలుసుకోవాలంటే తనే చెయ్యి పెట్టాలి. వాగొడ్డున తుంగ పచ్చగా లేచింది. కోసి చాపలు నేసింది. సంతలో అమ్మితే ఒక మనిషికి సరిపడా చోళ్ళు, అదే రాగులు, వచ్చాయి. మర్నాడు నాయుడు ఆమె అరచేతిలో తుంగ కోసిన గాట్లు చూసి, "నీకు పనుంది, పో" అన్నాడు.

ఒకరి చోళ్ళతో ఇద్దరు ఎలా బతుకుతారు? అంబలి కాచి అత్తకి పోసి, తను మంచినీళ్ళు తాగింది. రెండో రోజూ అంతే. మూడో రోజు గంగులమ్మ చెయ్యి చాచి కోడలి గిన్నె తడిమింది. ఖాళీ.

"ఒసే, నాకు పోసి నువ్వు మాడుతున్నావా! ఆ చాపలైనా మానెయ్, నన్నైనా చావనియ్. ఇలాగైతే నువ్వే ముందు పోతావే తల్లీ" అని బావురుమంది. తిట్టడమే తప్ప అత్త ఏడవడం దాలమ్మ ఎన్నడూ చూడలేదు.

ఆమెకి ఒళ్ళు మండిపోయింది. గిన్నె పట్టుకుని నేరుగా సావిడికి పోయింది.

"నాయుడుబాబూ, పని చేస్తే పస్తు, చెయ్యకపోతే కూడు. ఎందుకలాగ?"

"ఊరు సోమరిపోతుల పాలవకూడదని."

"పనికెళ్ళేవాడికి అంబలి పోస్తే సోమరైపోతాడా?"

"అవడా మరి!"

"ఏదీ, తమరి చెయ్యి చూపించండి."

వరసంతా మెడలు చాచింది. నాయుడు ఏదో నవ్వులాటనుకుని చెయ్యి చాపాడు. రోజూ అంత పెద్ద గరిటె తిప్పిన చెయ్యి. అరచెయ్యంతా కాయలు కాచి ఉంది.

"తమరు తాగేదీ ఈ అంబలే. తాగాకే గరిటె పడతారు. ఒక్కపూటైనా పని మానారా బాబూ?"

నాయుడు తన చేతికేసి తనే చూసుకున్నాడు. "అందరికీ పోస్తే కుండ చాలదే" అన్నాడు. అదీ నిజమే.

"అందరికీ అన్నీ వద్దు. పనికెళ్ళినవాడికి మూడింటిలో ఒక గరిటె తగ్గించండి. పని పెరిగితే ఇంకోటి. కడుపు నిండినవాడు ఈ ఎండలో వరసలో ఎందుకు నిలబడతాడు? మా అత్తలాంటివాళ్ళ గరిటెలు మాత్రం ముట్టుకోకండి."

చూద్దాం, రాజుగారికి నేను చెప్పుకుంటాను అన్నాడు నాయుడు. మర్నాడు కన్నయ్య మసి చేతులు వెనక దాచుకుని వచ్చాడు. నాయుడు తిట్టలేదు, రెండు గరిటెలు పోశాడు. నాట్లు అయ్యేసరికి అసిరమ్మ ఒక్క గరిటెకి దిగింది. కోతలొచ్చేసరికి కన్నయ్య రావడమే మానేశాడు. వరసలో మిగిలింది ముసలివాళ్ళూ, నడవలేనివాళ్ళూ. వాళ్ళకి నిండుగా మూడేసి గరిటెలు. గంగులమ్మ తాగి మూతి తుడుచుకుని, "నీళ్ళగా ఉందే" అని వంక పెట్టింది. దాలమ్మ నవ్వుకుంటూ చాప నేసుకుంది.

ఏళ్ళు గడిచి అత్త పోయింది, కోడలూ పోయింది. దాలమ్మకి గుడి కట్టలేదు, రాయి పాతలేదు. కానీ ఇప్పటికీ ఆ ఊరికొచ్చే గాజులవాళ్ళు "చెయ్యి చూపించమ్మా" అనరు. అక్కడ అది పెద్ద తిట్టు. "చెయ్యి ఇలాగివ్వమ్మా" అంటారు.

ఇంకోటి కూడా ఉంది. ఆ ఊళ్ళో ఎవరైనా మొట్టమొదట పనికెళ్ళిన రోజు, పక్కింటివాళ్ళు గరిటెడు అంబలి తెచ్చి పోస్తారు. ఇంట్లో బస్తాలున్నా సరే, తాగాల్సిందే. పోసేవాళ్ళు ఒకే మాటంటారు: "తాగు. పనికెళ్ళిన పాపానికి ఎవరూ పస్తుండకూడదు."