మేస్త్రీ కుర్మయ్య సాక్ష్యం

పాలమూరు వైపు ఒక మెట్ట పల్లెలో కుర్మయ్య అనే మేస్త్రీ ఉండేవాడు. తన కూలీల మీద పులిలా అరిచే ఆ మనిషి, కంట్రాక్టరు కనబడితే చాలు, నడుం వంచేసేవాడు.

ఏటా వానలు ముఖం చాటేయగానే ఊళ్లోని ఆలుమగలను లారీ ఎక్కించి, దూర ప్రాంతాలకు మట్టి పనికి తీసుకుపోయేవాడు. ఎక్కడెక్కడి ఆనకట్టలూ కాలువలూ వాళ్ల చెమటతోనే లేచాయి. వాళ్ల చేలకు మాత్రం చుక్క నీరు రాలేదు.

ఒక ఏడు పెద్ద కాలువ తవ్వుతుండగా అకాలంగా వాన పడింది. తెల్లారి చూస్తే గట్టు పొడుగునా పగుళ్లు. కూలీలు పైనే నిలబడిపోయారు.

"అన్నా, గట్టు విరిగేటట్టున్నది. ఆరినాక దిగుతం," అన్నది ఈదమ్మ అనే కూలి.

నిజమేనని కుర్మయ్యకూ తెలుసు. అంతలో కంట్రాక్టరు జీపు వచ్చి ఆగింది.

"కాలువ ప్రారంభానికి మంత్రిగారు వచ్చేలోగా పని అయిపోవాలి. వీళ్లను దింపుతావా, వేరే మేస్త్రీని చూసుకోనా?" అన్నాడతను.

కుర్మయ్య నడుం వంచి తలూపాడు. ఆ ఉక్రోషమంతా తనవాళ్ల మీద చూపాడు.

"దిగుతరా, మూటలు సదురుకుంటరా?"

దిగారు. మధ్యాహ్నం కాకముందే గట్టు కూలింది. ఈదమ్మ భర్త ఆశన్న మట్టి కింద పడి ప్రాణం విడిచాడు.

"తాగి, వద్దంటున్నా దిగాడని చెప్పు," అన్నాడు కంట్రాక్టరు. పోలీసులు రాగానే కుర్మయ్య అలాగే చెప్పాడు.

ఈదమ్మ మొగుడి తలను ఒళ్లోంచి దించి లేచింది. "చుక్క ముట్టని మనిషిని తాగుబోతును చేస్తివా? మట్టి కప్పింది చాలక మచ్చ గూడ కప్పుతవా?"

కూలీలు పారలు విసిరేసి ఆమె వెనక నిలబడ్డారు. ఇక అబద్ధం నిలవదని కంట్రాక్టరుకు అర్థమైంది.

"నాకేం తెలియదండీ. దింపినవాడు ఈ మేస్త్రీయే," అని వేలు చూపించాడు.

కుర్మయ్య బిత్తరపోయాడు. "ఈదమ్మా, ఆయనే దింపమన్నడు! నువ్వన్నా చెప్పమ్మా!" అని బతిమాలాడు.

"చెప్త. నీ కోసం గాదు, నిజం గాబట్టి చెప్త. దింపమన్నది ఆయన, దింపింది నువ్వు. ఇద్దరూ అనుభవించండ్రి," అన్నది ఈదమ్మ.

పోలీసులు ఇద్దరినీ తీసుకుపోయారు. సాయంత్రానికల్లా కంట్రాక్టరు కోసం వకీళ్లు పరుగెత్తుకొచ్చారు. కుర్మయ్య కోసం ఒక్కరూ రాలేదు.

యజమాని మెప్పు కోసం తనవాళ్ల ప్రాణాలను పణంగా పెట్టేవాడిని, ఆపద వచ్చిన రోజున యజమానీ వదిలేస్తాడు, తనవాళ్లూ వదిలేస్తారు.