పొంగిన బుద్ధి

నేరేడుకోట రాజు విరూపరాజుకి రోజుకో పిచ్చి పడుతుంది. ఆరోజు పట్టింది మనుషుల్ని రెండు రకాలుగా విడదీసే పిచ్చి.

ఎక్కించింది ఆస్థాన పండితుడు సోమయాజులు.

"మహారాజా, బుద్ధి మనుషులు వేరు, మనసు మనుషులు వేరు. మనసు మనుషులకి ఏడుపు తప్ప ఏం రాదు. తీర్పులకి అసలు పనికిరారు. నాలాంటి బుద్ధి మనుషులకి ఏ బాధా అంటదు!"

కొలువులో తగవులు తీర్చేది పాపాయమ్మ. ముందురోజు ఎవరో అప్పగింతల పాట పాడితే, సభలోనే కొంగుతో కళ్లొత్తుకుంది.

"పాపాయమ్మా, నువ్వు మనసు మనిషివట. రేపట్నుంచి నీ పీట సోమయాజులు గారిది" అనేశాడు రాజు.

"చిత్తం. ఒక్క తగవు మిగిలిపోయింది మహారాజా. అదేదో పంతులుగారే తీరిస్తే చూసి నేర్చుకుంటాను."

"కానీ, కానీ" అన్నాడు సోమయాజులు, ఉత్తరీయం సర్దుకుంటూ.

"విందులో మొదటి విస్తరి కోసం ఇద్దరికి పేచీ. ఎప్పట్నుంచో అక్కడ కూర్చుంటున్నది వయసులో చిన్నాయన. ఇప్పుడు నాక్కావాలంటున్నది పెద్దాయన."

"ఓస్, ఇంతేనా! వయసులో పెద్దవాడికే మొదటి విస్తరి. రెండోవాణ్ణి చివర్లో పడెయ్యండి."

"పాపం, బాధపడతాడేమోనండీ?"

"చూశారా మహారాజా, మనసు! పడితే పడనీ. తీర్పులో బాధకి లెక్కేంటమ్మా?"

విందు ఏర్పాట్లు అడగడానికొచ్చిన వంటవాళ్ల వైపు తిరిగింది పాపాయమ్మ.

"విన్నారుగా. ఇవాళ్టి నుంచి రాజుగారి పక్కనుండే ఆ మొదటి విస్తరి మన ముసలి వైద్యుడు మల్లినాథం గారిది. సోమయాజులు గారికి చివర్న, చేతులు కడిగే గోలెం పక్కన వెయ్యండి."

"నాకా? గోలెం పక్కనా?" సోమయాజులు గొంతు కీచుమంది. "ఆ విస్తరి నాది! మా నాన్న కూర్చున్న చోటది! నా పరువేం కావాలి?" ముక్కు ఎర్రబడింది. కళ్లలోంచి నీళ్లు జలజలా కారిపోయాయి.

"పంతులుగారూ, ఏడుస్తున్నారా?" అన్నాడు రాజు.

"లేదు! ఇది... ఇది నలకండీ!"

పాపాయమ్మ దగ్గరికెళ్లి తొంగిచూసింది.

"నలక కాదు మహారాజా. తల నిండా బుద్ధి కదా, పొంగి కళ్లలోంచి కారుతోంది!"

సభంతా గొల్లున నవ్వింది.

"మరి నువ్వైతే ఏం తీర్పు చెప్తావు?" రాజు కడుపు పట్టుకుని నవ్వుతూ అడిగాడు.

"మల్లినాథం గారికి కావాల్సింది విస్తరి కాదండీ, నెయ్యి. చివరిదాకా వచ్చేసరికి గిన్నె ఖాళీ అయిపోతోంది. మోకాళ్ల నొప్పులకి ఆయనకి ఇప్పుడు కూర్చునే ఆ చివరి, గుమ్మం పక్క చోటే హాయి. ఆయన ముందు ఓ నేతి గిన్నె విడిగా పెట్టండి. మొదటి విస్తరి పంతులుగారికే ఉంచండి, అదంటే ఆయనకి ప్రాణం. ఎవరికి ఏది ఎంత ముఖ్యమో తూచేదే మనసు మహారాజా. ఏడుపంటారా, అది అందరికీ వస్తుంది."

చెప్తున్నంతసేపూ ఆవిడ కంట్లో తడి లేదు.

"నీ పీట నీదే! బహుమతి కోరుకో."

"నా విస్తరి పంతులుగారి పక్కన వేయించండి. ఓ వెండి చెంబు కూడా ఇప్పించండి."

"చెంబెందుకు?"

"మళ్లీ పొంగితే పట్టాలిగా!"