భల్లయ్య ఇంటి నేల

అనగనగా ఒక అడవిలో, వాగు పక్కన, భల్లయ్య అనే ఎలుగుబంటి ఇల్లు కడుతున్నాడు. వాళ్ళావిడ నల్లమ్మ చూలాలు. వానలు పడేలోపు కొత్తింట్లో పురుడు పోసుకోవాలని ఆవిడ ఆశ. గోడలు లేచాయి, కప్పు పడింది. ఇక నేల. పైన మట్టితో అలుకుతారు, సరే. ఆ అలుకు కింద ఏం పరవాలి? చెక్కా, బండా?

"చెక్క పరువు బాబాయ్. తేలిక, పైగా కాళ్ళకి వెచ్చన," అంది వడ్రంగిపిట్ట.

"బండ వెయ్యి మావా. నీళ్ళు తాగదు, చెద పట్టదు. బరువంటావా, మోసేది నువ్వేగా," అంది ఉడుము.

మోసే మాట వినగానే భల్లయ్యకి నడుం నొప్పి పుట్టుకొచ్చింది. "చెక్కే ఖాయం," అన్నాడు.

"ఏమండీ, రోజూ అలికేదాన్ని నేను. ఆ నీళ్ళు ఎక్కడికి పోతాయి?" అంది నల్లమ్మ.

"కట్టేవాళ్ళ మధ్యకి నువ్వెందుకు? వెళ్ళి పడుకో," అన్నాడు ఆ మహానుభావుడు.

చెక్కే పరిచి కొత్తింట్లో దిగారు. నల్లమ్మ రోజూ పొద్దున్నే అలికింది. ముందు చెక్కలు ఉబ్బాయి. తర్వాత తలుపు బిగుసుకుపోయింది. భల్లయ్య కిటికీలోంచి రాకపోకలు మొదలెట్టి, అడిగినవాళ్ళకి "ఇటైతే దగ్గర" అని చెప్పేవాడు. ఆపైన చెదలూ పురుగులూ కాపురానికొచ్చాయి.

సీమంతం రోజు చుట్టాలంతా కిటికీలోంచే లోపలికొచ్చారు. ఏనుగత్త మాత్రం బయటే నిలబడి తొండం లోపలికి పెట్టింది. భల్లయ్య తేనెకుండ నెత్తిన పెట్టుకుని దర్జాగా నడిచొస్తుంటే, నేల ఫటుక్కున విరిగింది. నడుం దాకా దిగబడ్డాడు. మొహమంతా తేనె.

వడ్రంగిపిట్ట పక్కనే వాలి, విరిగిన చెక్కలోంచి పురుగులు ఏరుకు తింటూ, "ఎంత మంచి చెక్కో చూశావా బాబాయ్," అంది. అందరూ పొట్టలు పట్టుకుని నవ్వారు.

నల్లమ్మ మాత్రం నవ్వలేదు. "అక్కడ నేను అడుగేసుంటే?" అంది, కడుపు మీద చెయ్యేసుకుని.

నవ్వులు ఆగిపోయాయి. భల్లయ్యకి నోట్లో తేనె చేదయింది. "తప్పయిందే. నువ్వే చెప్పు," అన్నాడు.

"కింద బండ వెయ్యండి. పిల్లలు పడుకునే అటక మీద నేను అలకను, అక్కడికి చెక్క. బండ మీద పడుకుంటే వాళ్ళకి చలేస్తుంది."

బండలన్నీ భల్లయ్యే మోశాడు. నడుం నొప్పి ఊసెత్తలేదు. తొలివానకి ముందే ఇద్దరు పిల్లలు పుట్టారు. ఉయ్యాల ఏ మూల కట్టాలో చెప్పడానికి వడ్రంగిపిట్ట ఎగురుకుంటూ వచ్చింది.

"నువ్వుండవే," అన్నాడు భల్లయ్య. "ఊపేదాన్ని అడిగొస్తాను."

నీతి: ఏది మంచిదని ఊరందర్నీ అడిగే ముందు, దాంతో రోజూ వేగేవాళ్ళని అడగాలి.