పసుపు అంచు రాని మొక్కలు

ముప్ఫై రెండు మొక్కలు నాటితే ముప్ఫై రెండూ బతికాయి. ఒక్కటీ కుళ్లలేదు, ఒక్కటీ వాడిపోలేదు. అన్నీ నిగనిగలాడుతూ పచ్చగా లేచాయి. వకుళ ఏడుపల్లా అదే.

తల్లి మొక్క వరండాలో ఉంది. కత్తుల్లా నిలువుగా లేచిన ఆకులు, ప్రతి ఆకుకీ రెండు పక్కలా పట్టుచీర అంచులాంటి పసుపు. ఇప్పుడు ప్రతి ఇంటి హాల్లోనూ కనిపించే స్నేక్ ప్లాంటే అది. పెద్దాపురంలో మాత్రం దాన్ని బులిరత్నం గారి మొక్క అనే అంటారు. ఆవిడ ఆ కుండీ పక్కన కూర్చునే ఏళ్ల తరబడి ఆడపిల్లలకి సంగీతం చెప్పారు.

ఆవిడ ఎనభయ్యో పుట్టినరోజు సభకి వచ్చేవాళ్లకి తలా ఒక పిల్ల మొక్క ఇవ్వాలనుకున్నారు. ఆ పని శిష్యురాలు వకుళ మీద పడింది. ఎనిమిది నెలల కిందట నాలుగు మంచి ఆకులు కోసి, ముక్కలు చేసి, ఇసుక నింపిన పెరుగు డబ్బాల్లో గుచ్చింది. సభ ఎల్లుండి. పిల్లలు వచ్చాయి, అంచు రాలేదు. డబ్బాలన్నీ స్నానాల గది వెనక దాచింది.

అంచు రానిది మొక్కలకేనా?

సభలో వకుళ బులిరత్నం గారి శహాన రాగం పల్లవి పాడాలి. ఆ పల్లవిలో ఒకచోట ఆవిడ చటుక్కున ఆగుతారు. ఒక్క క్షణం. మళ్లీ అందుకుంటారు. ఆ ఆగడానికి ఎన్ని సభలు తలలూపాయో! ఊళ్లో సంగీత సభ కార్యదర్శి పానకాలరావు గారైతే దాని మీద వ్యాసమే రాశారు. ఆవిడ పాఠశాల నడిచే మేడ ఆ సభవారిదే. ఇకమీదట అక్కడ పాఠాలు ఎవరు చెప్పాలో ఎల్లుండి ప్రకటించేదీ ఆయనే.

"ఆ మౌనమే ఈ ఇంటి ముద్రమ్మా," అన్నారాయన నిన్న వచ్చి. "అది పలక్కపోతే నువ్వు అమ్మగారి వారసురాలివని ఏ మొహంతో చెప్పమంటావు?"

బెదిరింపు లాంటి ఆశీర్వాదం ఒకటి పడేసి, కాఫీ తాగి వెళ్లారు.

పదిహేడేళ్ల శిష్యరికంలో వకుళకి అన్నీ పట్టుబడ్డాయి, ఆ ఆగడం తప్ప. తను ఆగితే వెక్కిళ్లు వచ్చినట్టుంటుంది.

"ఇక్కడేం దాచావే?"

డబ్బాల దగ్గర కూర్చున్న వకుళ తిరిగి చూసింది. వెనక బులిరత్నం గారు, చేతికర్రతో.

వకుళ డబ్బాలకి అడ్డంగా జరిగింది. "ఒక్కదానికీ అంచు రాలేదమ్మా. పొద్దున్నే కడియం వెళ్లి అంచున్నవి తెచ్చేస్తాను. ఎవరికీ తెలీదు."

"కడియం నర్సరీలో పుట్టినవాటిని నా పిల్లలని పంచుతావా? బావుంది." ఆవిడ వంగి ఒక డబ్బా అందుకున్నారు. "వీటికేమొచ్చింది? దుక్కల్లా ఉన్నాయి."

"అంచు..."

"అంచంటే ఏమిటనుకున్నావు?"

"అందం."

"పచ్చదనం చచ్చిన చోటు. ఆఫ్రికా అడవుల్లో దీని పూర్వీకులకి అడ్డచారలే తప్ప అంచుల్లేవు. ఎప్పుడో ఒక పిలక అంచులు పాలిపోయి పుట్టింది. చూసినవాళ్లు ముచ్చటపడి దాన్నే పెంచారు. పొట్టిగా పువ్వులా విచ్చుకునేది ఒకటి, వెండి రంగుది ఒకటి, అన్నీ అలా ముచ్చటపడి పెంచినవే. మన కొండల్లోనూ దీని చుట్టం ఒకటుంది. నార తీసి తాళ్లు పేనేవారు. దాన్ని చూసి ఎవడూ ముచ్చటపడలేదు."

"మరి వీటికెందుకు రాలేదు?"

"దుంప చీల్చి పిలక నాటితే ఆ పాలిపోవడమూ వెంటొస్తుంది. ఆకు కోసి నాటావు. దాని పాత పచ్చదనం అది తెచ్చుకుంది."

"నేను కోస్తుంటే చూశారుగా!"

"చూశాను. సరే గానీ, పల్లవి అందుకో."

స్నానాల గది వెనక, బట్టలారేసిన తీగ కింద, వకుళ అందుకుంది. ఆ చోటు వచ్చింది. ఆగింది.

బులిరత్నం గారు రొంటిన దోపుకున్న ఇన్‌హేలర్ తీసి ఆమె చేతిలో పెట్టారు.

వకుళ తెల్లబోయింది. "నాకెందుకమ్మా?"

"ఆగావుగా. ఊపిరాడలేదేమోనని."

"మీరక్కడ ఆగుతారు కదా!"

"నాకు ఉబ్బసం. రేడియోలో పాడిన రోజు ముసురు పట్టింది. సరిగ్గా అక్కడికొచ్చేసరికి ఊపిరందలేదు. మర్నాటికి జనం నోట అది మౌనమైపోయింది. తర్వాత ఆగకుండా పాడితే మొహాలు మాడ్చుకున్నారు. ఆడది ఊపిరాడక ఆగితే ఆహా అన్నారే గానీ, గ్లాసుడు మంచినీళ్లిచ్చినవాడు లేడు. నీకేమొచ్చిందే, నువ్వూ దుక్కలానే ఉన్నావుగా?"

వకుళకి ముందు ఏడుపొచ్చింది. సగంలో అదే నవ్వయింది. పదిహేడేళ్ల బరువు దిగేదాకా, పొట్ట పట్టుకుని నవ్వింది. ఇన్‌హేలర్ తిరిగిచ్చేసి మళ్లీ పాడింది. ఆ చోటు ఎప్పుడు దాటిపోయిందో తనకే తెలియలేదు.

సభలోనూ ఆ చోటు అలాగే దాటిపోయింది. చప్పట్లు కొట్టాలా వద్దా అని జనం ఒక్క క్షణం కార్యదర్శి మొహం చూసి, ఆయన ఏదీ తేల్చకముందే కొట్టేశారు.

పానకాలరావు గారు ప్రకటన కాగితం చదవకుండానే మడతపెట్టి పట్టుకుని బులిరత్నం గారి దగ్గరికొచ్చారు. ఆవిడ ఒక డబ్బా ఆయన చేతిలో పెట్టారు.

"ఓహో, అత్తగారి నాలుక! దీన్ని ఇంగ్లీషులో అలాగే అంటారటండీ."

"పేరు పెట్టింది అల్లుడై ఉంటాడు. మొక్కలకి పేర్లు పెట్టే తీరిక కోడళ్లకెక్కడిది?"

ఆయన నవ్వబోయి మానేశారు. "అది సరే, అమ్మాయి అక్కడ ఆగలేదు. మీ ముద్ర..." అంటూ డబ్బా అటూ ఇటూ తిప్పారు. "అన్నట్టు దీనికి అంచు లేదే? మీ మొక్కదేనా?"

"నా ఆకే."

రొంటిన ఉన్న పాఠశాల తాళంచెవి తీసి, ఆయన ముందే, బులిరత్నం గారు వకుళ గుప్పిట్లో పెట్టారు. తర్వాత మొక్క మీద ఇసుక తుడుస్తూ కార్యదర్శితో అన్నారు:

"నీళ్లు అతిగా పొయ్యకండి. దాని పచ్చదనం అది చూసుకుంటుంది."