మిట్టెక్కిన ఓబులమ్మ సైకిలు

దుప్పటి కప్పుకున్నావా? కాళ్ళు నా మీద వెయ్యకు. ఊఁ కొట్టాలి మరి, నువ్వాపితే నేనూ ఆపేస్తా.

అనగనగా ఒక మగ్గాల ఊళ్ళో ఓబులమ్మ అని ఒక పిల్ల ఉండేది. పట్టుచీరలు నేసేది. ఆ పిల్ల మేనత్త కంచిలో ఉండేది. వేరే రంగు అంచుని అతుకు కనపడకుండా చీరకి కలిపి నెయ్యడంలో ఆవిడకి ఆవిడే సాటి. అప్పుడు ఆ అత్త కబురు పెట్టింది, కళ్ళు మసకబారుతున్నాయి, చూపుండగానే వచ్చి పని నేర్చుకోమని.

ఓబులమ్మకి ప్రాణం లేచొచ్చింది. కానీ ఏం లాభం, బస్సెక్కితే చాలు, ఒకటే వాంతులు. అందుకని సైకిలు మీద పోతానంది. అయిదు రోజుల దారి, ఒక్కతే.

వాళ్ళమ్మ లబలబలాడింది. నాన్న మాత్రం ఆలోచించి ఒక మాటన్నాడు. సామానంతా కట్టుకుని, ఊరి బయట మిట్టని పడకుండా ఎక్కాలి. మూడు పొద్దులు గడువు. ఎక్కలేదా, ఇక కంచి మాట ఎత్తకూడదు.

అప్పుడు ఓబులమ్మ సైకిలు షాపు మస్తాన్ దగ్గర కూర్చుని పంక్చరు వెయ్యడం, చైను ఎక్కించడం, బ్రేకులు బిగించడం నేర్చుకుంది. ఆ నల్లచేతులతో పట్టు ముట్టుకోవద్దని నాన్న కసిరాడు కూడా.

ఊరెళ్ళే పిల్లని వట్టిచేతులతో పంపుతారా మనవాళ్ళు? అత్తకని ఇంటింటివాళ్ళూ ఊరగాయ జాడీలు, కందిపొడి, వేరుశెనగ ఉండలు తెచ్చిచ్చారు. ఎవరినీ కాదనలేక అన్నీ వెనక క్యారియర్ మీద మూటకట్టింది. మొదటి పొద్దున మిట్ట దగ్గర ముందు చక్రం గాల్లోకి లేచింది. వెల్లకిలా పడింది.

ఆ తర్వాత మస్తాన్ చెప్పినట్టు రెండు సంచులు చేసి అటొకటి ఇటొకటి వేలాడదీసింది. జాడీలన్నీ ఎడమ సంచిలోకే పోయాయి. రెండో పొద్దున ఎడమపక్కకి పడింది. మోకాలు దోక్కుపోయింది. ఏడ్చిందా? ఏడ్చింది, ఎందుకేడవదు. ఏడుస్తూనే సంచులు విప్పింది.

అప్పుడు కావడి కట్టింది. కర్రకి చెరో కొసన సంచి తగిలించి భుజాన పెట్టుకుంది. కర్ర ఎటూ వాలకుండా నిలిచేదాకా సామాన్లు మార్చింది. సగం జాడీలు తీసి పక్కన పెట్టేసింది. అలా సరితూగిన సంచుల్నే మళ్ళీ సైకిలుకి అటొకటి ఇటొకటి తగిలించింది.

మూడో పొద్దున సగం మిట్ట ఎక్కేసరికి సైకిలు కుడిపక్కకి లాగింది. పడకముందే కాలు ఆనించింది. నిన్న సరిపోయిన బరువు ఇవాళ ఎలా మారింది? సంచి విప్పితే బట్టల అడుగున రుబ్బురోలు పొత్రం.

ఎవరి పనో తెలిసిపోయింది. సైకిలు తోసుకుంటూ ఇంటికొచ్చి సంచి వాళ్ళమ్మ ముందు పెట్టింది.

"బరువైతే ఆగిపోతావనుకున్నానే," అంది అమ్మ, కొంగు నోటికడ్డం పెట్టుకుని.

"ఇది పెట్టుకునైనా ఎక్కుతానమ్మా. నువ్వే తీసేస్తే ఏడవకుండా ఎక్కుతాను."

అమ్మ పొత్రం తీసి రోట్లో పెట్టేసింది. చక్రం కింద నిమ్మకాయ పెట్టింది. ఇంకా పొద్దెక్కలేదు, గడువుంది. ఓబులమ్మ పళ్ళు బిగించి తొక్కింది. కాసేపటికి మిట్ట మీంచి సైకిలు బెల్లు వినపడింది. అటునుంచి అటే పోయింది.

ఇదంతా నాకెలా తెలుసంటావా? ఏదీ, నా మోకాలు తడిమి చూడు. ఆ మచ్చే. పని కూడా నేర్చుకునే వచ్చాను. కానీ మా అమ్మ తన చేత్తో ఆ పొత్రం తీసింది చూడు, అది మాత్రం ఇప్పటికీ మర్చిపోలేను బంగారూ.

సైకిలేమో కంచికి,
పొత్రమేమో ఇంటికి,
నిద్రేమో నీ కంటికి.