జొన్నయ్య ముక్కున పట్టిన ముడి

అనగనగా ఒక అడవి. ఆ అడవిలో వాగు మీదికి వంగిన ఒక ఈతచెట్టు. చెట్టు నిండా గిజిగాళ్లే. అదొక పెద్ద గూళ్ల కార్ఖానా అనుకోండి, పిల్లలూ. గూటిని ఈతమట్టకు వేలాడదీసే ముడి ఒక జట్టు పని. గడ్డి అల్లడం ఇంకో జట్టు పని. గాలికి గూడు మరీ ఊగకుండా లోపల బంకమట్టి మెత్తడం మూడో జట్టు పని.

ముడి జట్టుకు పెద్ద జొన్నయ్య. ఆయన ముడి వేసేటప్పుడు చుట్టూ ఆకుల తెర కట్టించేవాడు. సగం వేసిన ముడికి దిష్టి తగులుతుందని పైకి చెప్పేవాడు. లోపలి దిగులు వేరు. ముడి అందరికీ వచ్చేస్తే ఇక తననెవరు పిలుస్తారు? ఆయన్ని చూసి మిగతా జట్లూ తెరలు కట్టుకున్నాయి.

ఒక వేసవిలో గాలులకు గూళ్లు రాలడం మొదలైంది. మట్టి బరువెక్కువై జారిందన్నాడు జొన్నయ్య. ముడే వదులైందంది మట్టి జట్టు పెద్ద బంకమ్మ. గడ్డి జట్టు ఇద్దరినీ తిట్టింది. రాలినవన్నీ ఖాళీ గూళ్లు కాబట్టి సరిపోయింది.

రోజూ ఈ గోల వినలేక, ఆ చెట్టు గిజిగాళ్లందరికీ పెద్దాయన, తెరలన్నీ పీకేయమన్నాడు. తెరలు వాగులో కొట్టుకుపోయాయి. ఇక అంతా బాగుపడుతుందనుకున్నారు.

ఏం బాగుపడింది? జొన్నయ్య ఇప్పుడు రెక్కలు చాపి, వాటి చాటున ఒక కొత్త గూటికి ముడి వేశాడు. గడ్డి జట్టు తమ పని కాదని అటు చూడనే లేదు. బంకమ్మ మాత్రం, ఆయన రెక్క కాస్త తొలగినప్పుడు ముడిలో మొదటి రెండు చుట్లు చూసింది. అక్కడే గడ్డిపోచ జారుతోందనీ గమనించింది. చెబుదామని నోటిదాకా వచ్చింది. వాళ్ల పనిలో ముక్కు పెట్టి మాట పడటమెందుకని మింగేసింది.

ఆ గూడు ఎవరిదనుకున్నారు? జొన్నయ్య కూతురు గరికది. అందులో ఆమె గుడ్లు పెట్టింది.

ఒక మధ్యాహ్నం తొలకరి గాలి విరుచుకుపడింది. చెట్టు నీళ్లను తాకేలా ఊగుతోంది. గరిక గూటి ముడి సర్రున జారింది.

"నాన్నా, గూడు పోతోంది!" అని లోపలినుంచి కేక.

జొన్నయ్య రివ్వున వచ్చి, జారే పోచను ముక్కుతో కరిచి పట్టుకున్నాడు. గూడు ఆగింది. చెట్టంతా వచ్చి అక్కడ వాలింది.

"మామా, ముడి ఎలాగో చెప్పు, మేం వేస్తాం" అన్నారు.

పిల్లలూ, పళ్ల మధ్య దారం గట్టిగా పట్టుకుని మాట్లాడి చూడండి. వచ్చిందా? జొన్నయ్యకూ రాలేదు. నోరు విప్పితే గూడు వాగులో పడుతుంది. విప్పకపోతే ముడి ఎవరికీ తెలియదు. ఇన్నాళ్లూ చెప్పనని బిగించిన నోరు, ఇప్పుడు చెబుదామన్నా తెరిచే వీల్లేదు.

అప్పుడు బంకమ్మ ముందుకు గెంతింది.

"నాకు రెండు చుట్లు తెలుసు బావా. తప్పయితే తోక ఆడించు."

ఒక చుట్టు. తోక కదల్లేదు. రెండో చుట్టు. కదల్లేదు. మూడోది పైనుంచి తిప్పబోయింది. తోక టపటపా కొట్టుకుంది. కిందినుంచి తిప్పింది. తోక ఆగింది. అందరూ కలిసి లాగారు. బిగిసింది.

ముడి బిగిసినా బంకమ్మ ఊరుకోలేదు. ఇంత బంకమట్టి తెచ్చి, పోచ జారేచోట అదిమిపెట్టింది. జొన్నయ్య మెల్లగా ముక్కు విప్పాడు. గూడు కదల్లేదు. గుడ్లు భద్రం.

"ముడి మీద మట్టి పెట్టాలని నాకెందుకు తోచలేదు, బంకమ్మా?"

"నాకు మొన్ననే తోచింది బావా. కసురుతావని మింగేశాను."

జొన్నయ్య తలవంచుకున్నాడు.

మర్నాడు అందరికీ అందే కింది ఈతమట్టకు, సగం వేసిన ముడి ఒకటి వేలాడింది. విప్పి చూడండి, వేసి చూడండి, తప్పుంటే నాకే చెప్పండి అన్నాడు జొన్నయ్య. అందరూ మూగారు. కొందరు పోచలతో పాటు తమ కాళ్లూ కట్టేసుకున్నారు. జొన్నయ్య పొట్ట పట్టుకుని నవ్వాడు.

"ముడి అందరికీ వచ్చేస్తోంది నాన్నా. ఇక నిన్నెవరు పిలుస్తారో" అని గరిక ఆటపట్టించింది.

ఆయన జవాబు చెప్పేలోగానే పై మట్టనుంచి ఒకరు, "మామా, ఈ చుట్టు చూడు" అన్నారు. పక్క మట్టనుంచి ఇంకొకరు, "మామా, ముందు ఇటు రా" అన్నారు. పాపం, ఆరోజు జొన్నయ్యకు గింజ తినే తీరిక కూడా దొరకలేదు.

నీతి: తెరలు తీసేయమని ఎవరైనా చెప్పగలరు. మన పనిని పదిమందికీ అందేలా పెట్టడం, పక్కవారి పనిలో తప్పు కనిపిస్తే మంచిగా చెప్పడం మాత్రం మనకు మనమే అలవాటు చేసుకోవాలి.